దుర్గమ్మ గారి బిల్లులు

సెప్టెంబర్ 24, బుధవారం

కంప్యూటర్ వచ్చింది. ఆటోలో నా పక్కన కూర్చోబెట్టుకుని తెచ్చాను, కొత్త కోడల్ని తెచ్చినట్టు. షాపు గడప దగ్గర ఎర్రనీళ్ళతో దిష్టి తీసి లోపలికి తీసుకెళ్ళాను. ఆయన షాపులో పరుపు మీద నుంచి లేవలేదు. "హారతి కూడా ఇవ్వు, పాపం ఎండనపడి వచ్చింది" అన్నారు.

చేతిరాత బిల్లులతో ఇక బండి నడవదని ఆడిటర్ ధనుంజయ్ గారు రెండేళ్ళుగా చెబుతూనే ఉన్నారు. ఆఫీసుల వాళ్ళు, కాలేజీల వాళ్ళు చీరలు చూసి, మెచ్చుకుని, కంప్యూటర్ బిల్లు లేదనగానే లేచి వెళ్ళిపోతున్నారు. పక్క షాపు జయకృష్ణ సెల్‌ఫోన్ కవర్ల వ్యాపారం పెంచుతాడట, మా షాపు అద్దెకిమ్మని తిరుగుతున్నాడు. ఆయన సగం మెత్తబడ్డారు. మామగారు మగ్గం దిగి వన్‌టౌన్‌లో పెట్టిన షాపు ఇది. చీరలు మడతపెట్టిన బీరువాల్లో ఫోన్ కవర్లు వేలాడుతుంటే నేను చూడలేను.

నిన్న అన్నం దగ్గర "నేను నేర్చుకుంటానండీ" అన్నాను. వినపడలేదనుకుని మళ్ళీ అన్నాను. నా గొంతు అంతే.

"నువ్వా?" అన్నారు. కాసేపు పచ్చడి కలుపుకున్నారు. "సరే చౌడేశ్వరీ. కార్తీకం వెళ్ళేదాకా చూస్తా. పోలి పాడ్యమి లోపు కొనే పార్టీని ఎదురుగా కూర్చోబెట్టుకుని నువ్వు బిల్లు తీసిస్తే షాపు ఉంటుంది. లేదంటే తాళాలు జయకృష్ణకి."

అమ్మా దుర్గమ్మా, పదో తరగతి చదివాను. ఆ పైన నువ్వే.

సెప్టెంబర్ 25, గురువారం

తెరేసమ్మ గారు వచ్చారు. గుణదలలో చాలా ఏళ్ళు టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపారావిడ. తరవాత కంప్యూటర్లు కూడా నేర్పారు. తెల్ల నూలు చీర, నీలం అంచు, ఎప్పుడూ మా దగ్గరే కొంటారు. నేర్పమని అడిగితే డబ్బు మాట ఎత్తనివ్వలేదు. బస్సెక్కి వచ్చేశారు, చేతిలో స్కేలుతో సహా.

మొదలుపెట్టే ముందు ఆవిడ సిలువ గుర్తు వేసుకున్నారు. నేను కీబోర్డు తాకి కళ్ళకద్దుకున్నాను. "మీ అమ్మకీ చెప్పాం, మా అమ్మకీ చెప్పాం. ఇక కరెంటు వాళ్ళకి చెప్పుకోవడమే మిగిలింది" అన్నారు.

మౌస్ పట్టుకోవడం రాలేదు. గాలిలోకి లేపి తిప్పుతున్నానట.

"హారతి కాదమ్మాయ్, ఇస్త్రీ! బల్లకి అంటుకుని ఉండాలి."

రెండుసార్లు టకటకా నొక్కమంటారు. నేను ఒకసారి నొక్కి, ఎవరైనా పలుకుతారేమోనని ఆగుతాను. "తలుపు కాదు తట్టి నిలబడ్డానికి" అని స్కేలుతో వేళ్ళ మీద తట్టారు. యాభయ్యేళ్ళ వయసులో వేళ్ళ మీద దెబ్బ తిన్నాను. అవతల ఆయన చీర మడతపెడుతున్నట్టు నటిస్తూ నవ్వుతున్నారు.

సెప్టెంబర్ 26, శుక్రవారం

రాహుకాలం వెళ్ళేదాకా స్విచ్ వేయలేదు. వేశాక కరెంటు పోయింది.

సెప్టెంబర్ 29, సోమవారం

మూలా నక్షత్రం. అమ్మకి సరస్వతీ అలంకారం. తెల్లవారకముందే కొండెక్కి దర్శనం చేసుకుని, అక్కడి నుంచి నేరుగా షాపుకి వచ్చాను. ఈ రోజు మొదటి బిల్లు కొట్టాను!

తెరేసమ్మ గారు "ఉత్తుత్తి బిల్లే కదా, ఏదో ఒక పేరు పెట్టు. సుబ్బమ్మ అనో, ఎల్లమ్మ అనో" అన్నారు. లేని మనిషి కొన్నట్టు ఎలా రాస్తాను? అందులోనూ మూల రోజున. అబద్ధం కాని పేరు కావాలి. కచ్చితంగా ఉన్న మనిషి కావాలి. కొట్టాను:

దుర్గమ్మ గారు, ఇంద్రకీలాద్రి. తెల్ల చీర, ఒకటి.

ఫోన్ నెంబర్ దగ్గర ఖాళీ వదిలాను. తెరేసమ్మ గారు చూశారు. అద్దాలు తీసి తుడుచుకుని, "మంచి పార్టీనే పట్టావ్" అన్నారు.

అక్టోబర్ 2, గురువారం

దసరా. ఆయుధ పూజ. గజం బద్దకి, కత్తెరకి, కంప్యూటర్‌కి బొట్లు పెట్టాను. ఆయన తన బిల్లు పుస్తకానికి మాత్రం పెట్టుకున్నారు. సాయంత్రం అమ్మకి ఎర్ర అంచు పసుపు చీర బిల్లు కొడితే 'మొత్తం' కనపడలేదు. చెడిపోయిందనుకున్నాను. తీరా చూస్తే దాని మీద నేను పెట్టిన బొట్టు.

అక్టోబర్ 9, గురువారం

"కోడి గింజలేరినట్టు ఒక్క వేలితో పొడవకు. మిగతా తొమ్మిదీ ఏం పాపం చేశాయ్?" అని తెరేసమ్మ గారు కోప్పడ్డారు. వంట చేస్తూ గట్టు మీద వేళ్ళు ఆడించాను. పులుసు అడుగంటింది. ఆయన తిన్నారు, ఏమీ అనలేదు. ఏమీ అనకపోతే భయం నాకు.

పాస్‌వర్డ్ విషయం కూడా రాసుకోవాలి. మనసులో ఎప్పుడూ మెదిలేది పెట్టుకోండి, మరిచిపోరు అన్నారు ధనుంజయ్ గారు. గురువుగారు చెవిలో చెప్పిన మంత్రం పెట్టాను. ఈ రోజు ధనుంజయ్ గారే ఫోన్ చేసి "పాస్‌వర్డ్ చెప్పండమ్మా, ఇక్కడ నుంచి సరిచేస్తాను" అన్నారు. పైకి చెప్పకూడని మాట కదా. మౌనంగా ఉన్నాను. "హలో, హలో" అని పెట్టేశారు. సిగ్నల్ లేదనుకుని ఉంటారు.

అక్టోబర్ 14, మంగళవారం

కరెంటు పోయింది. సేవ్ చేయలేదు. ఇంకేమీ రాయను.

అక్టోబర్ 20, సోమవారం

దీపావళి. లక్ష్మీపూజ అయ్యాక అమ్మకి పసుపు చీరలు పది కొట్టాను. ఒకటి కొడితే చేయి తిరగడం లేదు. పది కొడితే తిరిగింది. ఆ ఎర్ర అంచు పసుపు రకం అమ్మకే తగ్గట్టు ఉంటుంది, అందుకని రోజూ అవే కొడుతున్నాను. నాకు కంప్యూటర్ అంటే ఇష్టమని కాదు. షాపు కోసం.

అక్టోబర్ 27, సోమవారం

కార్తీక సోమవారం, ఉపవాసం. ఒకావిడ జాకెట్టుకి రంగు కలవలేదని చీర తిరిగి తెచ్చింది. దాన్ని 'సేల్స్ రిటర్న్'లో ఎలా వేయాలో తెరేసమ్మ గారు చూపించారు. తిరిగొచ్చిన సరుకు మళ్ళీ స్టాకులో కలుస్తుందట. ఎందుకు తిరిగొచ్చిందో కారణం రాయందే ముందుకి కదలదు. అడగడం నేర్చిన డబ్బా.

అక్టోబర్ 28, మంగళవారం

తుఫాను. షాపు తీయలేదు. నాకు దాని మీద మమకారమేమీ లేదు గానీ, పరదా కప్పానో లేదో అని గొడుగు వేసుకుని వెళ్ళి చూసి వచ్చాను. కప్పే ఉంది.

నవంబర్ 4, మంగళవారం

అక్టోబర్ లెక్కలు పంపాక ధనుంజయ్ గారి ఫోన్.

"అమ్మా, భలే పార్టీ దొరికిందే మీకు! ఎవరండీ ఈ దుర్గమ్మ గారు? ఎర్ర అంచు పసుపు రకం మొత్తం ఆవిడే కొనేశారు. ఇంద్రకీలాద్రి మీద షాపా?"

"షాపు కాదండీ. ఇల్లు."

"ఫోన్ నెంబర్ లేదేంటి మరి?"

"పిలిస్తే పలుకుతుందండీ."

అంత పెద్దాయన పడీపడీ నవ్వారు. నవ్వు ఆపుకుని "అవి తీసేయండమ్మా. ఆవిడ కొనేసిందనుకుని కంప్యూటర్ మీ స్టాకంతా తగ్గించుకుంది. డిలీట్ కొట్టండి, పోతాయి" అన్నారు.

సరేనన్నాను. కానీ ఈ రోజు మంగళవారం. అమ్మ వారం. ఇచ్చింది వెనక్కి లాక్కోవడానికి ఇదా రోజు? రేపు తీసేస్తాను.

నవంబర్ 5, బుధవారం

కార్తీక పౌర్ణమి. ఈ రోజెలా తీస్తాను?

నవంబర్ 7, శుక్రవారం

శుక్రవారం.

నవంబర్ 8, శనివారం

తెరేసమ్మ గారిని సలహా అడిగాను. డిలీట్ కొట్టనా అని. ఆవిడ చాలాసేపు ఆలోచించారు. "నిజానికి కొట్టాలి. ఉత్తుత్తివే కదా. కానీ మా గుణదల మాతకి కొబ్బరికాయ ఇస్తానని నోటితో అంటే, అన్నాక నేనైతే వెనక్కి తీసుకోలేను అమ్మాయ్. నన్నడక్కు" అన్నారు.

ఇద్దరం టీ తాగాం.

నవంబర్ 10, సోమవారం

సోమవారం, ఉపవాసం. నీరసంగా ఉంది. రేపు తప్పకుండా.

నవంబర్ 12, బుధవారం

కొండపల్లి నుంచి ముగ్గురు ఆడవాళ్ళు వచ్చారు. కరెంటు ఫ్యాక్టరీ కాలనీలో ఉంటారట. వాళ్ళలో పెద్ద రామతులసి గారు, గలగలా మాట్లాడే మనిషి. ఆదివారం వనభోజనాలకి కాలనీ ఆడవాళ్ళందరూ ఒకే రకం చీర కట్టుకోవాలని. ఎన్నో షాపులు తిరిగి, చివరికి మా ఎర్ర అంచు పసుపు రకం దగ్గర ఆగారు.

"ముప్పై కావాలండీ. శుక్రవారం వచ్చి తీసుకెళతాం. అసోసియేషన్ సొమ్ము కాబట్టి కంప్యూటర్ బిల్లే ఉండాలి. చేతిరాతది మా సెక్రటరీ ఒప్పుకోడు."

ఆయన బిల్లు పుస్తకం మీద చేయి వేసి నా వైపు చూశారు. గుమ్మంలో జయకృష్ణ కూడా ఉన్నాడు.

"ఇస్తామమ్మా" అన్నాను. ఈసారి ఒక్కసారికే అందరికీ వినపడింది.

బీరువాలో చూసుకున్నాం. ముప్పై ఒకటి ఉన్నాయి. అమ్మ దయ.

నవంబర్ 14, శుక్రవారం

బాగా పొద్దుపోయింది. అయినా రాస్తాను.

వాళ్ళు పదకొండింటికి వచ్చారు. ఆయన గోడ మీద క్యాలెండర్ వైపు చూసి "పన్నెండు దాకా రాహుకాలం. ఆగుతావా?" అన్నారు. ఇన్నాళ్ళూ నేను ఆ వేళకి స్విచ్ ముట్టుకోలేదని ఆయనకి తెలుసు.

"అయ్యో, పన్నెండింటికి మా బస్సండీ" అన్నారు రామతులసి గారు.

స్విచ్ వేశాను. అమ్మ పనికి రాహువు అడ్డమా అనుకున్నాను. పేరు, ఊరు, చీర రకం, ముప్పై, అన్నీ చకచకా కొట్టాను. నొక్కాను.

ఎర్ర అక్షరాలు వచ్చాయి. స్టాక్ లేదు.

నా వెనకే చీరలు దొంతరగా ఉన్నాయి. మళ్ళీ నొక్కాను. స్టాక్ లేదు.

"ఏంటాంటీ, చీరలు కళ్ళెదుటే ఉంటే లేవంటుందేంటి మీ డబ్బా?" అన్నాడు గుమ్మంలోంచి జయకృష్ణ. తెరేసమ్మ గారికి ఫోన్ చేశాను. ఎత్తలేదు. మాత గుడిలో ఉండి ఉంటారు.

ఆయన లేచి వచ్చారు. అద్దాలు సరిచేసుకుని తెర దగ్గరికి వంగారు. ఆ పసుపు రకం ఎవరికి పోయిందో వరసగా కనిపిస్తోంది. పైకి చదివారు.

"దుర్గమ్మ గారు, ఇంద్రకీలాద్రి. దుర్గమ్మ గారు, ఇంద్రకీలాద్రి. దుర్గమ్మ గారు... ఎవరే ఈవిడ?"

నేను కొండ వైపు చూపించాను.

జయకృష్ణ ముందు నవ్వాడు. కొండపల్లి వాళ్ళకి అర్థం కాలేదు. ఆయన నవ్వలేదు, కోప్పడలేదు. మెల్లగా తన బిల్లు పుస్తకం తీసి, కార్బన్ కాగితం సర్ది, "పోనీ దీని మీద రాసిస్తానమ్మా" అన్నారు రామతులసి గారితో.

"కుదరదండీ, చెప్పాం కదా" అని ఆవిడ సంచి భుజాన వేసుకున్నారు.

డిలీట్ మీట మీద వేలు పెట్టాను. ఒక్క నొక్కు. శుక్రవారం, కార్తీకం, కొండ ఎదురుగా. వేలు దిగలేదు. షాపు పోతోందని తెలుసు, అయినా దిగలేదు.

అప్పుడు అనిపించింది. కొండ మీద చీర ఇస్తే పూజారి గారు ఏం చేస్తారు? అమ్మ పాదాలకి తాకించి, కుంకుమ పెట్టి మన చేతికే ఇస్తారు. శేషవస్త్రం అని కళ్ళకద్దుకుంటాం. మనం లాక్కోవడం వేరు, ఆమె తిరిగివ్వడం వేరు. ఆమె తిరిగిస్తే తీసుకోవడానికి ఈ డబ్బాలో చోటు ఉంది కదా!

"ఒక్క ఐదు నిమిషాలు కూర్చోండమ్మా" అన్నాను.

సేల్స్ రిటర్న్ తెరిచాను. పార్టీ పేరు దుర్గమ్మ గారు. కారణం అని అడిగింది. 'ప్రసాదం' అని కొట్టాను. ఒప్పుకుంది. తరవాతి బిల్లు. కారణం? ప్రసాదం. దసరా నాటిది, దీపావళి నాటిది, కార్తీక సోమవారం నాటిది. పది వేళ్ళూ ఎప్పుడు కదిలాయో తెలియదు. రామతులసి గారు నా భుజం మీదుగా తొంగి చూస్తున్నారు.

"ఇవి అమ్మవారి శేషవస్త్రాలాండీ?" భుజాన సంచి దించి అడిగారు ఆవిడ.

అబద్ధం ఆడలేను. "లేదమ్మా. నేర్చుకోవడానికి కంప్యూటర్‌లో ఇచ్చాను, అంతే. చీరలు కొండెక్కలేదు."

"భలేవారే! నేను ఫోన్‌లో పంపే డబ్బు నిజమైతే, మీరు కంప్యూటర్‌లో ఇచ్చిన చీర నిజం కాదా? ఇవే కావాలి మాకు." మిగతా ఇద్దరూ చీరల దొంతరకి దణ్ణం పెట్టారు.

ప్రింటర్ గురగురమని, ఆగి, మళ్ళీ గురగురమంది. బిల్లు వచ్చింది. వాళ్ళకివ్వబోతే మధ్యలో ఆయన చేయి చాపారు. కాగితం దూరంగా పట్టుకుని పైనుంచి కింది దాకా చదివారు.

"అక్షరాలు గుండ్రంగానే ఉన్నాయి" అన్నారు.

వాళ్ళు పరుగెత్తి ఆటో ఎక్కారు. పన్నెండుకి ఇంకా టైముంది.

సాయంత్రం షాపు కట్టేటప్పుడు ఆయన భుజం మీది తువ్వాలుతో తెర తుడిచారు. నేను చూస్తున్నానని ఆయనకి తెలియదు.

నవంబర్ 15, శనివారం

ఆయన ఏమీ చెప్పలేదు.

నవంబర్ 17, సోమవారం

కొత్త బెంగ. పసుపు చీర ఒకటి మిగిలిందంటోంది కంప్యూటర్. బీరువాలో లేదు. ముప్పై ఒకటిలో ముప్పై ఇచ్చాం, ఒకటి ఉండాలి. అరలన్నీ వెతికాను. పరుపు కింద కూడా చూశాను. రిటర్న్ కొట్టడంలో ఏదో తప్పు చేసి ఉంటాను. ఆయనకి చెప్పలేదు. చెబితే ఒక్క చీర లెక్క తేల్చలేనిదానివి షాపేం నడుపుతావంటారు.

జయకృష్ణ టేపు తెచ్చి గోడలు కొలిచి వెళ్ళాడు. ఆయన వద్దనలేదు. టేపు ఇక్కడే మరిచిపోయాడు.

నవంబర్ 20, గురువారం

అమావాస్య. రేపు పోలి పాడ్యమి, షాపు సంగతి తేలాలి. ఆయన ఏమీ చెప్పలేదు. నాకు షాపు మీద ఆశేమీ లేదు, అమ్మ చిత్తం. తెరేసమ్మ గారు ఫోన్ చేసి "నీ పేరు మీద మాత దగ్గర కొవ్వొత్తి వెలిగించాను, పెద్దదే" అన్నారు. మళ్ళీ వెతికాను. చీర లేదు.

నవంబర్ 21, శుక్రవారం

తెల్లవారుజామున కృష్ణలో అరటిదొప్పల మీద దీపాలు వదిలాను. ఘాటు నిండా ఆడవాళ్ళు. నా దొప్ప కాసేపు మెట్టుకి తగులుకుని ఆగింది. ఎవరో అమ్మాయి నీళ్ళు తోసింది, కదిలింది.

ఇంటికొచ్చేసరికి ఆయన లేరు. షాపుకి పరుగెత్తాను. షట్టర్ అప్పటికే తీసి ఉంది. జయకృష్ణ గుమ్మంలో ఉన్నాడు.

"ఏమోయ్ జయకృష్ణా, ఇది నీదే కదా" అని ఆయన టేపు అతని చేతిలో పెట్టారు. "జాగ్రత్తగా పట్టుకెళ్ళు. వేరే గోడలు కొలుచుకోవాలిగా."

"అంటే, బాబాయ్ గారూ..."

"అంటే ఏముంది. మా ఆవిడ పార్టీ పెద్దది. ఆ పార్టీని పోగొట్టుకోలేను."

అతను వెళ్ళాక ఆయన చేసిన పని ఎలా రాయాలో తెలియడం లేదు. ఎప్పుడూ కూర్చునే చోటు వదిలి, ఇవతలికి వచ్చి, కొనేవాళ్ళ స్టూలు మీద కూర్చున్నారు. సంచిలోంచి ఒక పొట్లం తీసి బల్ల మీద పెట్టారు. విప్పితే ఎర్ర అంచు పసుపు చీర. ఆ రోజే తీసి పక్కన పెట్టారట. పరుపు కింద కూడా వెతికాను నేను, ఆయన సంచిలో వెతకలేదు!

"బోణీ బిల్లు కొట్టు. పదిన్నరకి మళ్ళీ రాహుకాలం."

కూర్చున్నాను. "పేరు?" అన్నాను, పార్టీలని అడిగినట్టే.

"దుర్గమ్మ గారు."

"ఊరు?"

"ఇంద్రకీలాద్రి. ఎదురుగా కనపడుతుంటే అడుగుతావేంటి?"

"ఫోన్ నెంబర్?"

"అది ఖాళీ వదిలెయ్. నువ్వు పిలిస్తే పలుకుతుందటగా. ధనుంజయ్ చెప్పాడులే."

కొట్టాను. పసుపు చీరల దగ్గర సున్నా వచ్చింది. లేచి బీరువా అర చూశాను. ఖాళీ. సరిపోయింది.

సాయంత్రం ఇద్దరం కొండెక్కాం. పూజారి గారు చీర అమ్మ పాదాలకి తాకించి, కుంకుమ పెట్టి నా చేతికిచ్చారు. మెట్లు దిగుతూ ఆయన "మరి రేపు ఇది రిటర్న్ కొడతావా?" అన్నారు.

కొట్టను. రేపు షాపుకి అదే కట్టుకుని వెళతాను.